మూడు మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగట్లేదు, డాక్టర్ ఏమో నిద్ర పరీక్ష రాశారు

మూడుమాత్రలు
వయసు 52. బీపీ చాలా ఏళ్ళ నుంచి ఉంది. ఒక మాత్రతో మొదలైంది, ఇప్పుడు మూడు: ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, వాటి మీద క్లోర్‌థాలిడోన్. ఒక్క పూట కూడా మానలేదు, ఉప్పు కూడా బాగా తగ్గించా. అయినా పొద్దున లేచి చూసుకుంటే 154/98కి అటూ ఇటూ ఉంటోంది. సాయంత్రానికి కాస్త నయం.

ఈసారి వెళ్తే డాక్టర్ మాత్రల జోలికే పోలేదు. మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచారు, 42 సెంటీమీటర్లు. "గురక పెడతారా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ "గురక ఒక్కటే అయితే బాగుండేదండీ, మధ్యలో ఊపిరి ఆగిపోతుంది కూడా" అనేసింది. అంతే, నిద్ర పరీక్ష రాసి చేతిలో పెట్టారు.

గొంతులో వచ్చే గురకకీ బీపీకీ ఏం పొత్తు? పైగా నాకు పగలు కునుకు కూడా రాదు. ఇది నిజంగా అవసరమా, లేక పరీక్ష మీద పరీక్ష బాపతేనా?

గురకేశ్వరుడు
మీ ఆవిడ సాక్ష్యం చెప్పేశాక ఇంకేముంది, కేసు తేలిపోయినట్టే. చేయించుకోండి. నాదీ ఇదే కథ. రాత్రి మాస్క్‌తో గొంతులోకి గాలి నెట్టే మిషన్ (సీప్యాప్) పెట్టుకున్నాక ఒక మాత్ర తగ్గింది.

అనుమానంపక్షి
ఈమధ్య దేనికైనా స్లీప్ ఆప్నియానే (నిద్రలో ఊపిరి ఆగడమే) కారణం అంటున్నారు. గురక పెట్టేవాళ్ళందరికీ బీపీ ఉందా? బీపీ ఉన్నవాళ్ళందరూ గురక పెడతారా? లావుగా ఉన్నవాళ్ళకి రెండూ వస్తాయి, అంతే. బరువు తగ్గితే రెండూ తగ్గుతాయి. మధ్యలో ఈ మిషన్ ఎందుకు?

కొలతలరాయుడు
పక్షి గారి అనుమానం కొట్టిపారేసేది కాదు, దానికి తర్వాత వస్తా. ముందు మూడుమాత్రలు గారు అడిగిన "ఏం పొత్తు" సంగతి.

నిద్రపోయినప్పుడు గొంతు కండరాలు వదులవుతాయి. కొందరికి నాలుక వెనక దారి మూసుకుపోతుంది. ఛాతీ గాలి కోసం లాగుతూనే ఉంటుంది, లోపలికి మాత్రం గాలి పోదు. అది పది సెకన్లు దాటితే ఒక ఆప్నియా కింద లెక్క. కొందరికి నిమిషం దాకా కూడా సాగుతుంది. ఆలోపు రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, ఒంటిని ఉరకలెత్తించే సింపథెటిక్ నరాలు రేగుతాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి. చివరికి మెదడు ఒక్క కుదుపుతో లేపుతుంది. రెండు మూడు సెకన్ల మెలకువ, పొద్దున్నకి గుర్తు కూడా ఉండదు. గొంతు తెరుచుకుని గాలి పోగానే గుండె మళ్ళీ జోరందుకుంటుంది. కానీ నాళాలు ఇంకా బిగుసుకునే ఉన్నాయి కదా, బీపీ అక్కడ ఎగురుతుంది. ఇలా గంటకి ముప్పై నలభై సార్లు, రాత్రంతా.

అసలు గొడవ ఏంటంటే ఆ నరాల హడావిడి పొద్దున లేచాక ఆగిపోదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో పగలు మెలకువగా కూర్చున్నప్పుడు కూడా సింపథెటిక్ నరాలు మామూలు కన్నా ఎక్కువగా పనిచేస్తున్నట్టు కొలిచి చూశారు. మొండి బీపీ ఉన్నవాళ్ళలో చాలామందికి ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ కూడా ఎక్కువుంటుంది. అది ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది. పడుకున్నప్పుడు కాళ్ళలో చేరిన నీరు మెడ వైపు జరిగితే గొంతు ఇంకా ఇరుకవుతుంది. అంటే గొంతు వల్ల బీపీ, ఒంట్లో నీటి వల్ల మళ్ళీ గొంతు.

మామూలుగా రాత్రి నిద్రలో బీపీ పగటి కన్నా 10 నుంచి 20 శాతం దిగాలి. ఆప్నియా ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ దిగుడు ఉండదు. పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ అని మీరే రాశారు చూశారా? మీ డాక్టర్ టేపు తీసింది ఊరికే కాదు.

శ్వాసలత
స్టాప్-బ్యాంగ్ అని ఎనిమిది ప్రశ్నల పట్టిక ఉంది. టొరంటోలో మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కి ముందు అడగడానికి తయారుచేశారు, 2008లో వచ్చింది. గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ 40 సెంటీమీటర్లు దాటడం, మగవాళ్ళు కావడం. మీరు రాసినదాన్ని బట్టి అలసట, బీఎంఐ వదిలేసినా ఆరు వచ్చేశాయి. అయిదు వస్తేనే ముప్పు ఎక్కువ అంటారు.

మూడుమాత్రలు
ఆరా! నేను పరీక్షల్లో ఎప్పుడూ అన్ని మార్కులు తెచ్చుకోలేదు. బీఎంఐ 31 అండీ.

కానీ పగలు నిద్ర రాదు అన్నాను కదా, దాని సంగతి ఏంటి?

శ్వాసలత
నిద్ర రాకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు. తీవ్రమైన ఆప్నియా ఉండి కూడా "నాకేం బద్ధకం లేదు" అనేవాళ్ళు బోలెడుమంది. బీపీ మాత్రలకి లొంగకపోవడం ఒక్కటే బయటికి కనబడే గుర్తు కావచ్చు.

వాసంతి_ఆర్
ఈ ఎనిమిది ప్రశ్నల మీద నాకో ఫిర్యాదు ఉంది. అవి మీలాంటి మగవాళ్ళ కోసం రాసినట్టున్నాయి. నాకు గురక పెద్దగా లేదు, మెడ సన్నం, బీఎంఐ 26. నెలసరి ఆగాక రాత్రి రెండింటికీ మూడింటికీ ఊరికే మెలకువ వచ్చేసేది. బాత్రూంకి లేవడం, పొద్దున తలనొప్పి, ఎప్పుడూ లేనిది బీపీ మొదలు. "వయసు ప్రభావం", "టెన్షన్ పడుతున్నారు", "థైరాయిడ్ చూద్దాం"... ఇలా తిరిగి తిరిగి చివరికి ఒక కుర్ర డాక్టరమ్మ నిద్ర పరీక్ష రాసింది. గంటకి 22 సార్లు! అప్పటిదాకా నిద్రమాత్రలు రాసినవాళ్ళు కూడా ఉన్నారు.

గురకేశ్వరుడు
బాత్రూంకి లేవడం కూడా దీని వల్లేనా?? నేను షుగర్ అనుకుని పరీక్ష చేయించా, ప్రోస్టేట్ అనుకుని ఇంకోటి చేయించా.

కొలతలరాయుడు
మూసుకుపోయిన గొంతుతో గాలి లాగడానికి ప్రయత్నిస్తే ఛాతీలో ఒత్తిడి బాగా పడిపోతుంది, ఎక్కువ రక్తం గుండె వైపు వచ్చి పై గది సాగుతుంది. నీరు ఎక్కువైందనుకుని గుండె ఏఎన్‌పీ అనే హార్మోన్ వదులుతుంది. మూత్రపిండాలు దాని మాట విని మూత్రం చేస్తాయి. మిషన్ మొదలెట్టాక చాలామందికి మొదట తెలిసే తేడా అదే, రాత్రి లేవక్కర్లేకపోవడం. షుగర్, ప్రోస్టేట్ చూపించుకోవడం కూడా తప్పేం కాదులెండి.

చిన్నమ్మాయి
మా నాన్నగారికి కూడా ఇలాగే ఆగుతుంది. చెప్తే "నేను కుంభకర్ణుడి వంశం, నాకేం కాదు" అంటారు. ఆయన వాచీ ఏదో హెచ్చరిక చూపించింది. దాన్ని నమ్మొచ్చా?

నైట్‌డ్యూటీ_టెక్
నిద్ర పరీక్షల ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ చేస్తాను. వాచీలకి 2024లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, ముందు శామ్‌సంగ్‌కి, తర్వాత ఆపిల్‌కి. అది హెచ్చరిక వరకే, రోగ నిర్ధారణ కాదు. వాచీ మోగితే పరీక్షకి వెళ్ళండి. మోగలేదని మాత్రం ధీమా వద్దు.

నాన్నగారికి మాటలతో చెప్పకండి. పడుకున్నప్పుడు ఫోన్‌లో ఒక వీడియో తీసి చూపించండి. గురక ఆగి, పొట్ట మాత్రం కదులుతూ, తర్వాత ఒక్కసారి బుస్సుమని గాలి పీల్చడం వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూస్తే చాలామంది మర్నాడే అపాయింట్‌మెంట్ అడుగుతారు.

చిన్నమ్మాయి
ఇంకో మాట. ఆయన నిద్ర పట్టట్లేదని రాత్రి కాస్త మందు తాగుతారు, ఒక్కోసారి నిద్రమాత్ర కూడా. అది ఏమైనా...

నైట్‌డ్యూటీ_టెక్
మందు గొంతు కండరాలని ఇంకా వదులు చేస్తుంది, మెదడు లేపడాన్ని ఆలస్యం చేస్తుంది. ఊపిరి ఆగే సమయం పెరుగుతుంది. మందు, నిద్రమాత్ర రెండూ ఒకే రాత్రి అయితే ఆప్నియా ఉన్నా లేకపోయినా ప్రమాదమే. దీన్ని వాయిదా వేయకండి, ఆ మాత్ర రాసిన డాక్టర్‌కి ఊపిరి ఆగే సంగతి చెప్పండి. ఉన్నట్టుండి ఇంట్లో మీరే మాన్పించకండి, కొన్ని నిద్రమాత్రలు మెల్లగా తగ్గించాలి.

అనుమానంపక్షి
నా ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. బీపీకి లావు కారణమా, గురక కారణమా?

కొలతలరాయుడు
వస్తానన్నాగా. అమెరికాలో విస్కాన్సిన్‌లో ఈ లెక్కే తీశారు, 2000లో అచ్చయింది. 709 మందిని నాలుగేళ్ళ తేడాతో చూశారు. మొదట గంటకి 15 లేదా అంతకన్నా ఎక్కువ సార్లు ఊపిరి ఆగినవాళ్ళకి, అసలు ఆగనివాళ్ళతో పోలిస్తే, నాలుగేళ్ళ తర్వాత బీపీ ఉండే అవకాశం దాదాపు మూడు రెట్లు. ఇది బరువు, మెడ చుట్టుకొలత, వయసు, మందు, సిగరెట్టు లెక్కలోకి తీసుకున్నాక వచ్చిన అంకె. కాబట్టి లావు పాత్ర ఉంది, కానీ అంతా లావు కాదు. 2003లో అమెరికా బీపీ మార్గదర్శకాల్లో (జేఎన్‌సీ 7) బీపీకి గుర్తించదగిన కారణాల పట్టిక ఇస్తే అందులో మొదటి పేరే స్లీప్ ఆప్నియా.

మీరన్న బరువు మాట కూడా నిజమే. అదే విస్కాన్సిన్ జనాభాలో బరువు 10 శాతం తగ్గితే గంటకి ఊపిరి ఆగే లెక్క 26 శాతం తగ్గినట్టు తేలింది. 10 శాతం పెరిగితే మాత్రం 32 శాతం పెరిగింది.

వాసంతి_ఆర్
సన్నగా ఉన్నవాళ్ళకి రాదనుకోవడం కూడా తప్పు. చిన్న దవడ, వెనక్కి ఉన్న గడ్డం, పెద్ద టాన్సిల్స్ ఉంటే చాలట. మా డాక్టరమ్మ నా నోట్లోకి టార్చి వేసి "మీ దారే ఇరుకు" అంది.

అనుమానంపక్షి
సరే, సంబంధం ఉందనుకుందాం. మిషన్ పెడితే గుండె జబ్బులు తగ్గాలిగా మరి? సేవ్ అనే పెద్ద ట్రయల్ 2016లో వచ్చింది. 2717 మంది, అందరికీ అప్పటికే గుండె జబ్బో మెదడు నాళాల జబ్బో ఉంది. సగం మందికి మిషన్, సగం మందికి లేదు. మూడేళ్ళ పైన చూస్తే గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో తేడా లేదు. దీనికేమంటారు?

గురకేశ్వరుడు
అయ్యబాబోయ్, పక్షి చదివే వచ్చింది.

కొలతలరాయుడు
ఆ ట్రయల్ నిజమే, ఫలితమూ నిజమే, దాన్ని దాచి మిషన్ గురించి చెప్పేవాళ్ళని నేనూ నమ్మను. కానీ మూడు సంగతులు చూడండి. అందులో మిషన్ వాడింది సగటున రాత్రికి 3.3 గంటలు, అంటే నిద్రలో సగానికి పైగా గొంతు మూసుకుంటూనే ఉంది. పగలు విపరీతంగా తూగేవాళ్ళనీ, రాత్రి ఆక్సిజన్ మరీ పడిపోయేవాళ్ళనీ అసలు చేర్చుకోలేదు. పైగా వాళ్ళు చూసింది గుండెపోటు వంటివి రెండోసారి రాకుండా ఆగుతాయా అని. మూడుమాత్రలు గారి ప్రశ్న అది కాదు, లొంగని బీపీ.

దానికి దగ్గరి ట్రయల్ స్పెయిన్‌ది, హిపార్కో, 2013. 194 మంది, అందరికీ మూడు లేదా ఎక్కువ మాత్రలు వాడినా తగ్గని బీపీ. మూడు నెలల మిషన్ తర్వాత 24 గంటల సగటు బీపీ 3 పాయింట్లు తగ్గింది. రాత్రి దిగాల్సినంత దిగడం ఎక్కువమందిలో మొదలైంది. ఎన్ని గంటలు పెట్టుకుంటే అంత లాభం కనబడింది.

అనుమానంపక్షి
మూడు పాయింట్లు! ఇంత ఊదరగొట్టి మూడు పాయింట్లా? ఉప్పు తగ్గిస్తే అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది.

కొలతలరాయుడు
సగటు మూడు. కొందరికి పది తగ్గుతుంది, కొందరికి ఏమీ తగ్గదు. మాత్రతో పోలిస్తే మిషన్ బీపీ మీద బలహీనం, నేనే ఒప్పుకుంటా. మాత్ర బదులు మిషన్ అని ఎవరైనా చెప్తే వినకండి. మాత్రలతో పాటు మిషన్.

గురకేశ్వరుడు
నాకైతే మిషన్ వల్లే మాత్ర తగ్గింది. సగటులు మీరే ఉంచుకోండి.

నైట్‌డ్యూటీ_టెక్
మీ మాత్ర డాక్టర్ తగ్గించారు కదా? మీరే మానేయలేదు కదా? ఇది ఎందుకు అడుగుతున్నానంటే మిషన్ వచ్చిన వారంలోనే మాత్రలు ఆపేసి 180తో వచ్చినవాళ్ళని చూశాను.

గురకేశ్వరుడు
డాక్టరే తగ్గించారు. నేను కూడా ఏడెనిమిది కిలోలు తగ్గాను లెండి ఈలోపు.

అనుమానంపక్షి
హహహ. "మిషన్ వల్లే" అంట.

పదనిస
మీరంతా గంభీరంగా కొట్టుకుంటున్నారు గానీ, డిడ్జరీడూ ఊదితే గురక తగ్గుతుందని స్విట్జర్లాండ్ వాళ్ళు నిజంగా ట్రయల్ చేశారు తెలుసా? ఆస్ట్రేలియా ఆదివాసుల పొడుగాటి చెక్క వాయిద్యం. 25 మందిలో కొందరికి నాలుగు నెలలు సాధన చేయిస్తే ఊపిరి ఆగే లెక్క తగ్గింది, గొంతు కండరాలకి కసరత్తు అన్నమాట. 2017లో దీనికి ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది) శాంతి బహుమతి ఇచ్చారు.

శ్వాసలత
శాంతి బహుమతా! పక్క గదిలో ఉన్నవాళ్ళని అడిగి ఇచ్చారా?

పదనిస
రాత్రి గురక పోయి పగలు భోం భోం వచ్చింది. బీపీ ఇంట్లోవాళ్ళకి పెరిగి ఉంటుంది.

దంతవైద్యుడు
వాయిద్యం సంగతేమో గానీ మిషన్ ఒక్కటే దారి కాదు. తక్కువ, మధ్యస్థ స్థాయిలో ఉన్నవాళ్ళకి కింది దవడని కాస్త ముందుకి పట్టి ఉంచే పరికరం పళ్ళకి కొలత తీసి చేస్తాం. ఆగే లెక్కని మిషన్ అంత తగ్గించదు, కానీ రాత్రంతా పెట్టుకుంటారు కాబట్టి బీపీ మీద ఫలితం రెండింటికీ దగ్గరదగ్గరగానే వచ్చింది ట్రయల్స్‌లో. దవడ నొప్పి, పళ్ళ కాటు కొద్దిగా మారడం ఉంటాయి. బజారులో దొరికే వేడినీళ్ళలో ముంచి కొరికే రకం జోలికి పోకండి.

వెల్లకిలా పడుకున్నప్పుడే ఆగేవాళ్ళు కొందరుంటారు. రిపోర్టులో ఆ లెక్క విడిగా ఉంటుంది, చూడండి. వాళ్ళకి పక్కకి పడుకోవడమే సగం వైద్యం.

మూడుమాత్రలు
పరీక్ష అయిపోయింది, ఇంట్లోనే చేసే రకం. ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు. గంటకి 38. ఆక్సిజన్ ఒక దశలో 76 దాకా పడింది. 24 గంటల బీపీ మిషన్ కూడా కట్టారు. పగలు సగటు 144/90, రాత్రి నిద్రలో 149/92. రాత్రే ఎక్కువ!! ఇన్నాళ్ళూ నేను సాయంత్రం చూసుకుని సంబరపడ్డాను.

డాక్టర్ సీప్యాప్ మొదలెట్టమన్నారు. మాత్రలు అవే.

శ్వాసలత
15 దాకా తక్కువ, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. మీది తీవ్రమే. పరీక్ష చేయించుకుని మంచి పని చేశారు.

నైట్‌డ్యూటీ_టెక్
ఇంకో మాట, ఈ దారం చదివే మిగతావాళ్ళ కోసం. ఇంట్లో చేసే రకం చాలావాటిలో మెదడు తరంగాలు కొలవరు, కాబట్టి మీరు ఎంతసేపు నిద్రపోయారో దానికి తెలియదు. మిషన్ ఆన్‌లో ఉన్న గంటలతో భాగిస్తుంది. సగం రాత్రి మెలకువగా దొర్లితే లెక్క తక్కువ చూపిస్తుంది. అనుమానం గట్టిగా ఉండి ఇంట్లో పరీక్ష "ఏమీ లేదు" అంటే ల్యాబ్‌కి వచ్చి పూర్తి పరీక్ష చేయించుకోండి. ఒంటినిండా వైర్లతో ఎలా నిద్రపడుతుంది అని అందరూ అడుగుతారు. పడుతుంది. మాకు కావాల్సినంత పడుతుంది.

వాసంతి_ఆర్
బీపీ మొండికేసింది అనుకునేముందు ఇంకో రెండు చూసుకోండి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లెక్క ఎక్కువ చూపిస్తుంది. కీళ్ళనొప్పులకి వేసుకునే ఐబుప్రోఫెన్ లాంటివీ, ముక్కు దిబ్బడకి వేసుకునే మాత్రలూ బీపీ పెంచుతాయి. నేను రెండోది చాలాకాలం వాడాను, ఎవరూ అడగలేదు.

మూడుమాత్రలు
మిషన్ మొదలెట్టి కొన్ని వారాలైంది. నిజం చెప్పాలంటే నరకం. మొహానికి ఏదో కట్టినట్టు, నోరు ఎండిపోవడం, పొట్టలోకి గాలి. ఎలాగోలా పడుకుంటున్నా, రాత్రి మూడింటికి తెలియకుండానే పీకేస్తున్నా. బీపీలో ఏమంత తేడా లేదు, 150 దగ్గరే. నాలుగు గంటలు వాడితే చాలు అన్నారు ఎవరో, నాలుగు దాటుతోంది కదా?

నైట్‌డ్యూటీ_టెక్
ఆ నాలుగు గంటలు అమెరికా బీమావాళ్ళ లెక్క. గొంతుకి ఆ లెక్క తెలియదు.

మూడింటికి తీసేయడంలో అసలు నష్టం ఏంటో చెప్తా. కలలు వచ్చే నిద్ర, రెమ్, ఎక్కువభాగం రాత్రి రెండో సగంలో, తెల్లవారుజామున వస్తుంది. అప్పుడు కండరాలు బొత్తిగా సడలిపోతాయి, ఆప్నియాలు పొడుగ్గా, ఆక్సిజన్ లోతుగా పడేవి అప్పుడే. బీపీతో గట్టి సంబంధం కనబడింది కూడా రెమ్‌లో వచ్చే ఆప్నియాలకే. మీరు తేలికైన సగానికి మిషన్ పెట్టుకుని, అసలు కష్టమైన సగానికి తీసేస్తున్నారు. ఆ వెంటనే పొద్దున బీపీ చూసుకుంటున్నారు!

చేయాల్సినవి: నోరు ఎండితే గాలిని తేమచేసే హ్యూమిడిఫయర్ పెంచండి. మొదట్లో గాలి ఒత్తిడి మెల్లగా పెరిగే ర్యాంప్ పెట్టుకోండి. పగలు టీవీ చూస్తూ అరగంట మాస్క్ పెట్టుకుని అలవాటు చేసుకోండి. పొట్టలోకి గాలి పోతుంటే ఒత్తిడి మార్చాలేమో మీ క్లినిక్‌లో అడగండి, మీరే మార్చకండి. మూడింటికి పీకేస్తే మళ్ళీ పెట్టుకుని పడుకోండి.

దంతవైద్యుడు
ముక్కు దిబ్బడ ఉంటే ముందు అది చూపించుకోండి. ముక్కు మూసుకుంటే నోరు తెరుస్తారు, నోరు తెరిస్తే గాలంతా బయటికే.

అనుమానంపక్షి
ఇంత కష్టం ఎందుకు, బరువు తగ్గే ఇంజెక్షన్ వచ్చిందిగా? 2024 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ టిర్జెపటైడ్‌ని ఊబకాయంతో ఉన్న ఆప్నియాకే అనుమతించింది.

కొలతలరాయుడు
ఇది మంచి మాటే, అనుమానం లేకుండా పక్షి గారు చెప్పిన మొదటి మాట కూడా. మధ్యస్థ, తీవ్ర ఆప్నియా, దానితో పాటు ఊబకాయం ఉన్న పెద్దవాళ్ళకి. ట్రయల్స్‌లో బీపీ కూడా తగ్గింది. కానీ బరువు తగ్గడానికి నెలలు పడుతుంది, ఆలోపు గంటకి 38 సార్లు ఆగుతూనే ఉంటుంది. రెండూ కలిపి వాడొచ్చు, డాక్టర్‌ని అడగాల్సిందే.

మూడుమాత్రలు
తాజా సంగతి. ర్యాంప్, తేమ సర్దాక పరవాలేదు. పొద్దున్నదాకా ఉంచుకునే రాత్రులే ఎక్కువ ఇప్పుడు. బాత్రూంకి లేవడం పోయింది, అది మాత్రం నాకు ఆశ్చర్యం. మధ్యలో డాక్టర్ స్పైరనోలాక్టోన్ చిన్న డోసు కూడా చేర్చారు. పొద్దున బీపీ ఇప్పుడు 134/84 దగ్గర తిరుగుతోంది. పగలు నాకు నిద్ర రాదు అని రాశాను కదా, ఇప్పుడు చూసుకుంటే అప్పుడు మీటింగుల్లో కాఫీ మీద బతికేవాణ్ణి అని తెలుస్తోంది.

గురకేశ్వరుడు
చూశారా! మిషన్ మహిమ!

అనుమానంపక్షి
స్పైరనోలాక్టోన్ మహిమ. ఇద్దరినీ ఒకేసారి పనిలో పెట్టి ఒకరికే జీతం ఇస్తారేంటి?

కొలతలరాయుడు
ఈసారి పక్షి వైపే నేను. మొండి బీపీకి నాలుగో మాత్రగా స్పైరనోలాక్టోన్ బాగా పనిచేస్తుంది. ఆల్డోస్టిరోన్ ఆటకట్టిస్తుంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గి గొంతుకి కూడా కొంత మేలు. ఎవరి వాటా ఎంతో ఈయన ఒంట్లో ఇక విడదీయలేం. మళ్ళీ 24 గంటల బీపీ కడితే రాత్రి దిగుతోందో లేదో తెలుస్తుంది, అది చేయించుకోండి. ఇంకోటి: టెల్మిసార్టన్‌తో పాటు స్పైరనోలాక్టోన్ అంటే పొటాషియం పెరగొచ్చు. రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకోమన్నారు?

మూడుమాత్రలు
వచ్చే వారం రాశారు, పొటాషియం, క్రియాటినిన్ రెండూ. 24 గంటలది రెండు నెలలయ్యాక అన్నారు. పేరు ఇక నాలుగుమాత్రలు అని మార్చుకోవాలేమో.

ఒక చిల్లర ప్రశ్న. నాకు గుబురు మీసం. ముక్కు మీది మాస్క్ కింద నుంచి గాలి కారి రాత్రంతా సన్నగా ఈల వేస్తోంది. గురక పోయిందని సంతోషించిన మా ఆవిడ ఇప్పుడు ఈల గురించి గొడవ. మీసం తీసేయాల్సిందేనా?

నైట్‌డ్యూటీ_టెక్
అక్కర్లేదు. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే పిల్లోస్ రకం అడగండి, మీసం మీద కూర్చోదు. ఒత్తిడి మరీ ఎక్కువైతే, నోరు తెరిచే అలవాటుంటే మాత్రం అది కుదరకపోవచ్చు. మీ మిషన్‌లో లీక్ లెక్క ఉంటుంది, ఒక రాత్రిది ఇక్కడ పెట్టండి.

పదనిస
ఈల స్వరంలో ఉందా అపస్వరమా?